విమానం దిగిన తుపాకీని ఎవరి చేతికి ఇవ్వాలి?

సంపాదకులకు నమస్కారం.

విమానాశ్రయంలో ఫలానా ప్రయాణికుడి సంచిలో తుపాకీ దొరికిందన్న వార్త ఎక్కడో ఒకచోట తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. అది చదివినవారికి విమానంలో తుపాకీ తీసుకువెళ్లడమే నేరమన్న అభిప్రాయం కలగడం సహజం. నిజానికి లైసెన్సు ఉన్న తుపాకీని ముందుగా తెలియజేసి, తూటాలు తీసివేసి, తాళం వేసిన పెట్టెలో పెట్టి చెక్-ఇన్ లగేజీగా పంపుకునే వీలు చాలా దేశాల్లో ఉంది. షూటింగ్ క్రీడాకారులు, అనుమతితో వేటకు వెళ్లేవారు, విధి నిర్వహణలో ఉన్న భద్రతా సిబ్బంది ఆ దారిలోనే ప్రయాణిస్తున్నారు. ఈ ఏర్పాటు ఉండకూడదని నేను అనడం లేదు. నా ఫిర్యాదు దాని చివరి అంకం గురించి. తుపాకీ విమానం ఎక్కే వరకు ఇన్ని షరతులు పెట్టిన నియమాలు, అది విమానం దిగాక ఎవరి చేతికి, ఎక్కడ, ఎలా అందాలన్న విషయాన్ని మాత్రం ఒక్కో సంస్థ అలవాటుకు, ఒక్కో విమానాశ్రయం వీలుకు వదిలేశాయి.

రైఫిల్, పిస్టల్ పోటీలకు వెళ్లే జట్ల వెంట చాలా ఏళ్లుగా ప్రయాణిస్తున్నవాణ్ణి కాబట్టి బయలుదేరే చోట జరిగే తతంగం నాకు బాగా పరిచయం. అది ఓపికను పరీక్షిస్తుంది గాని, అందులో అనవసరమైనది చాలా తక్కువ. కౌంటరు దగ్గర ముందు మాట్లాడవలసింది ప్రయాణికుడే. అడిగితే చెబుదామని ఊరుకోవడం కుదరదు. లైసెన్సు, గుర్తింపు పత్రం, తుపాకీ మీద చెక్కిన నంబరు మూడూ సరిచూస్తారు. రైఫిల్ బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి బిగించే కడ్డీ) బయటికి తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే అర) ఖాళీగా ఉందని చూపించాలి. పోటీల నుంచి వచ్చేవారు ఛాంబర్‌లోంచి బయటికి కనిపించేలా రంగు దారమో ప్లాస్టిక్ ముక్కో పెట్టి ఉంచుతారు కనుక ఆ పని తేలిక. తర్వాత పెట్టె వంతు వస్తుంది. అనుభవం ఉన్న ఉద్యోగి తాళాల వైపు చూడడు, మూత మూలల వైపు చూస్తాడు. రెండు తాళాలు బిగించి ఉన్నా, మూలను పైకి లాగితే వేళ్లు దూరేంత సందు ఏర్పడితే ఆ పెట్టెను తిరస్కరిస్తాడు, అది న్యాయమే. తుపాకీతో పాటు తయారీదారు ఇచ్చే పలచని ప్లాస్టిక్ డబ్బాలు చాలావరకు ఈ పరీక్షకు నిలవవు. ఇక పది మీటర్ల ఎయిర్ రైఫిల్ వాళ్ల కష్టం వేరు: అందులో మందుగుండు ఉండదు, అనుమానమంతా గాలి నింపే సిలిండరు మీదే. సుమారు 200 బార్ ఒత్తిడితో నిండే ఆ సిలిండరును విప్పి, గాలి పూర్తిగా వదిలేసి, ఖాళీ అయిందని చూపిస్తే తప్ప పంపరు. చివరి నిమిషంలో కౌంటరు ముందు ఆ గాలి వదిలితే వచ్చే బుసకు చుట్టూ ఉన్నవారంతా ఉలిక్కిపడతారు కాబట్టి, ఆ పని బస దగ్గరే ముగించుకుని రమ్మని మా పిల్లలకు చెబుతుంటాను.

తాళం చెవి విషయంలోనూ కొన్ని దేశాల నియమం స్పష్టంగా ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం తుపాకీ ఉన్న పెట్టె తాళం చెవిగాని, నంబరుగాని ప్రయాణికుడి దగ్గరే ఉండాలి. తనిఖీ అవసరమైతే అతన్ని పిలిచి తెరిపించాలి. తుపాకీ పోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ పెట్టెను మరెవరూ తెరిచే వీలు లేకపోవడమే ఇరుపక్షాలకూ రక్ష.

తూటాల సంగతి చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. ప్రమాదకర వస్తువుల విమాన రవాణా నియమాల దృష్టిలో ప్రమాదకర వస్తువు తుపాకీ కాదు, తూటా. అది కూడా 1.4ఎస్ అనే తరగతికి చెందినది కావాలి. పొరపాటున అంటుకున్నా ప్రభావం ఆ ప్యాకెట్ దాటి పెద్దగా పోకుండా, మంటలు ఆర్పేవారికి అడ్డం కాకుండా ఉండే సరుకని దాని అర్థం. గొట్టంలో బిగుసుకుని లేని తూటాకు మంట తగిలితే దాని తొడుగు చిట్లుతుంది గాని, తుపాకీ పేల్చినంత వేగంతో గుండు దూసుకుపోదు. ఈ లెక్క మీదనే ఒక్కో ప్రయాణికుడు, విమాన సంస్థ అనుమతితో, సొంత వాడకానికి ప్యాకింగుతో కలిపి 5 కిలోల వరకు చెక్-ఇన్ లగేజీలో పెట్టుకోవచ్చని అంతర్జాతీయ నియమం ఏర్పడింది. పేలుడు లేదా మంట పుట్టించే గుండ్లున్న తూటాలకు అసలు చోటు లేదు. ఇద్దరి వాటా కలిపి ఒకే పెట్టెలో పెట్టడమూ కుదరదు. .22 రైఫిల్ వారికి 5 కిలోలు ఎక్కువే. పన్నెండు బోరు షాట్‌గన్ వారికి మాత్రం ఇరవై అయిదు తూటాల డబ్బా ఒక్కటే కిలోకు దగ్గరగా తూగుతుంది. గాలిలోకి ఎగరేసే పళ్లేలను కాల్చే ట్రాప్ పోటీలో, 125 లక్ష్యాలుండే అర్హత దశలో లక్ష్యానికి రెండేసి తూటాలు పేల్చే అవకాశం ఉంది కనుక, ఆ అయిదు కిలోలు ఒక్క పోటీకే చాలకపోవచ్చు. అందుకే వారిలో ఎక్కువమంది తూటాలు మోయరు, పోటీ జరిగే చోటే కొనుక్కుంటారు. కొన్ని దేశాల్లో, కొన్ని సంస్థల్లో తూటాలు తుపాకీ పెట్టెలో కాకుండా వేరే సంచిలో ఉండాలన్న పట్టింపు ఉంది. అమెరికాలో రెండూ ఒకే పెట్టెలో ఉండవచ్చు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో ముందు ముందు చెబుతాను.

విమానం దిగాక జరిగేది చూద్దాం. పౌర విమానయానంపై 1944 నాటి షికాగో ఒప్పందానికి 1974లో చేర్చిన భద్రతా అనుబంధం ఒకటుంది. దాన్ని పదిహేడో అనుబంధం అంటారు. ప్రయాణికుల ఆయుధాల గురించి అది చెప్పేది చాలా క్లుప్తం: అర్హత గల అధికారి ఆ ఆయుధంలో తూటాలు లేవని నిర్ధారించాలి, విమానం ప్రయాణంలో ఉన్నంతసేపు అది ఎవరికీ అందని చోట ఉండాలి. 1960ల చివర, 70ల మొదట్లో వరుస హైజాకింగులతో బెంబేలెత్తిన కాలంలో పుట్టిన ఆలోచన అది. అమెరికాలో ప్రయాణికులందరినీ, వారి చేతి సంచులను తనిఖీ చేయడం తప్పనిసరి అయింది కూడా 1973 జనవరిలోనే. అప్పటి భయమంతా విమానంలో కూర్చున్నవాడి చేతిలో తుపాకీ ఉండడం గురించే కాబట్టి, నియమమూ అంతవరకే ఆలోచించింది. విమానం ఆగిన తర్వాత ఏమిటన్నది అప్పట్లో ఎవరికీ పట్టలేదు. అది ఈ నాటికీ దేశానికో తీరుగానే మిగిలిపోయింది.

కొన్ని విమానాశ్రయాల్లో తుపాకీ పెట్టెలను బెల్ట్ మీదికి రానివ్వరు. విడిగా ఒక గదికి తెచ్చి, లైసెన్సు, లగేజీ రసీదు చూసి, సంతకం తీసుకుని అప్పగిస్తారు. మరికొన్ని చోట్ల అదే పెట్టె సూట్‌కేసులు, పిల్లల బండ్లు, అట్టపెట్టెల మధ్య బెల్ట్ మీద గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుంది. ఒకసారి మా జట్టు రైఫిల్ పెట్టె అలా తిరుగుతుంటే, తన సంచికి అడ్డంగా ఉందని ఒక పెద్దాయన దాన్ని ఎత్తి పక్కన నేల మీద పెట్టి, తన సామాను తీసుకుని వెళ్లిపోయారు. ఆయన దాన్ని తన బండిలో పెట్టుకుని వెళ్లినా అడిగేవారెవరూ అక్కడ లేరు. ఏ పెట్టె కోసం బయలుదేరే చోట ముగ్గురు ఉద్యోగులు, రెండు సంతకాలు, ఒక తనిఖీ అవసరమయ్యాయో, ఆ పెట్టె పక్కన ఇక్కడ ఒక కాపలాదారు కూడా లేడు.

ఇది కేవలం దొంగతనం భయం కాదనడానికి 2017 జనవరి 6న ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ విమానాశ్రయంలో జరిగిన ఘోరమే సాక్ష్యం. అలస్కాలోని యాంకరేజ్ నుంచి బయలుదేరి, మధ్యలో మినియాపొలిస్‌లో విమానం మారి వచ్చిన ఒక ప్రయాణికుడు తన 9 ఎంఎం పిస్టల్‌ను నిబంధనల ప్రకారమే కౌంటరులో తెలియజేసి, తాళం వేసిన పెట్టెలో చెక్-ఇన్ లగేజీగా పంపాడు. దిగాక ఆ పెట్టె తీసుకుని మరుగుదొడ్డిలోకి వెళ్లి, తూటాలు నింపుకుని బయటికి వచ్చి, సామాను కోసం నిలబడిన జనం మీద తూటాలు అయిపోయేదాకా కాల్చాడు. అయిదుగురు చనిపోయారు, ఆరుగురు తూటాలు తగిలి గాయపడ్డారు. అంతకు రెండు నెలల ముందు అతను తనంతట తానే ఎఫ్‌బీఐ కార్యాలయానికి వెళ్లి, తన మనసును ఎవరో అదుపు చేస్తున్నారని చెప్పుకున్నాడు. అప్పుడు పోలీసులు తీసుకున్న పిస్టల్‌ను డిసెంబరులో తిరిగి ఇచ్చేశారు. ఆ మనిషి చేతికి తుపాకీ మళ్లీ చేరడం వేరే వైఫల్యం, దానికి బాధ్యులు వేరే. నేను ఎత్తి చూపదలచినది ఒక్కటే. విమాన ప్రయాణానికి సంబంధించి అతను ఉల్లంఘించిన నియమం దాదాపు లేదు. తుపాకీ, తూటాలు ఒకే పెట్టెలో ఉండడం అక్కడ తప్పు కాదు. ఆ రెండింటినీ జనం కిక్కిరిసిన గదిలో, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, అతని చేతికి చేర్చింది వ్యవస్థే.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, అందులో నిజమూ ఉంది. సామాను తీసుకునే గది చాలా చోట్ల ఎవరైనా వీధిలోంచి నేరుగా నడిచి రాగల బహిరంగ స్థలం. చంపాలని నిశ్చయించుకున్నవాడికి విమానంలో తెచ్చుకున్న తుపాకీయే కావాలని లేదు; గదిలో అప్పగించినా, బయటికి వెళ్లి తూటాలు నింపుకుని తిరిగి రావచ్చు. చేతికి అప్పగించే పద్ధతి ఒక్కటే ఇలాంటి దుర్మార్గాన్ని ఆపుతుందని నేను చెప్పను. కాని ఒక అధికారి ఎదుట నిలబడి, కాగితాలు చూపి, రెండు మాటలు మాట్లాడి, తుపాకీ ఒకచోట, తూటాలు మరోచోట తీసుకోవలసి వస్తే, ఆ అయిదు నిమిషాల్లో ఎదుటి మనిషి తీరు తేడాగా ఉంటే కనిపెట్టే అవకాశమైనా ఉంటుంది. బెల్ట్‌కు ఆ తెలివి లేదు. పైగా నిజాయితీపరుడైన షూటర్‌కు ఇందులో నష్టమేమీ లేదు. లక్షల విలువ చేసే రైఫిల్ పరాయివారి కాళ్ల దగ్గర పడి ఉండడం కన్నా, ఒక గదిలో సంతకం పెట్టి తీసుకోవడమే అతనికీ నిశ్చింత.

పెట్టె బయట గుర్తు ఉండాలా వద్దా అన్న వివాదం కూడా ఇక్కడికే వస్తుంది. అమెరికా చట్టం, లోపల తుపాకీ ఉందని తెలిపే చీటీని పెట్టె బయట అంటించమని విమాన సంస్థలు కోరడాన్ని నిషేధించింది. దొంగలకు దారి చూపించకూడదన్న ఉద్దేశం దాని వెనుక ఉంది. అందుకే ఆ ప్రకటన కాగితం లోపల ఉంటుంది. కొన్ని ఇతర దేశాల్లో ఇందుకు భిన్నంగా, సిబ్బందికి తెలియాలని ప్రత్యేకమైన చీటీ కడతారు. రెండు వాదాల్లోనూ అర్థం ఉంది. అయితే పొడవాటి గట్టి పెట్టె, దానికి రెండు మూడు తాళాలు చూసినవాడికి లోపల వయొలిన్ ఉందని భ్రమ కలుగుతుందా? ఫోర్ట్ లాడర్‌డేల్ ఘటన తర్వాత ఒక పెద్ద విమాన సంస్థ తుపాకీ ఉన్న సంచులకు ప్లాస్టిక్ పట్టీలు బిగించి, సామాను కార్యాలయంలో అప్పగించడం మొదలుపెట్టినప్పుడు, ఆ పట్టీలే తుపాకీ ఉందని చాటుతున్నాయని యజమానులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ సగమే సరైనదని నా అభిప్రాయం. పెట్టె మొదటి నుంచి చివరి దాకా బాధ్యుడైన మనిషి చేతి నుంచి మరో మనిషి చేతికే వెళ్తుంటే, దాని మీద గుర్తు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. గుర్తును దాచి, పెట్టెను మాత్రం అందరి ముందు తిప్పే పద్ధతిలోనే చిక్కంతా ఉంది.

అంతకంటే మెలిక పడే సందర్భం మధ్యలో విమానం తప్పిపోవడం. అమెరికాలోనే 2005లో జరిగి, 2010లో అక్కడి మూడో సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం తీర్పుతో తేలిన వ్యవహారం ఒకటుంది. యూటా రాష్ట్రం నుంచి పెన్సిల్వేనియాకు వెళ్తున్న ఒక ప్రయాణికుడు, న్యూజెర్సీలోని న్యూఆర్క్ విమానాశ్రయంలో అందుకోవలసిన విమానాన్ని అందుకోలేకపోయాడు. తుపాకీ ఉన్న సామాను అతని చేతికి ఇచ్చారు, అతను దాంతోనే రాత్రి హోటల్లో ఉన్నాడు. మర్నాడు మళ్లీ కౌంటరుకు వచ్చి, నియమం ప్రకారం తుపాకీ ఉందని తనే చెప్పాడు. న్యూజెర్సీ చట్టం కింద అక్కడికక్కడే అరెస్టు చేశారు. ఆ కేసును తర్వాత వదిలేశారు గాని, తన హక్కులకు భంగం కలిగిందని అతను వేసిన దావా నిలబడలేదు. రెండు రాష్ట్రాల మధ్య తుపాకీతో నిరాటంకంగా ప్రయాణించే వీలు కల్పించే 1986 నాటి సమాఖ్య చట్టం, తుపాకీ ప్రయాణికుడికి అందుబాటులో లేనంతవరకే వర్తిస్తుందని, హోటల్ గదిలో అది అతని చేతికి అందేలా ఉందని న్యాయస్థానం చెప్పింది. అలా చిక్కుకున్నవారు సామాను తీసుకోకముందే విమానాశ్రయ సిబ్బందినో పోలీసులనో ఆశ్రయించవచ్చని కూడా సూచించింది. చట్టం చదివినవారికి ఆ సూచన సమంజసంగా తోచవచ్చు. అర్ధరాత్రి, తెలియని ఊళ్లో, తన పెట్టె తన ముందుకు వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోకూడదని, పోలీసు కోసం వెతకాలని ఎంతమంది ప్రయాణికులకు తడుతుంది? ఆ పెట్టెను అతని చేతికి ఇవ్వకుండా ఆ రాత్రికి తాళం వేసిన గదిలో ఉంచవలసిన బాధ్యత సంస్థ మీద ఉండి ఉంటే, అరెస్టూ లేదు, అయిదేళ్ల వ్యాజ్యమూ లేదు.

దేశాలు దాటేవారికి ఈ చిక్కు మరింత పెద్దది. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య తుపాకీతో తిరిగేవారికి ఒక ప్రత్యేక పాస్ ఉంది. బ్రిటన్‌కు వెళ్లే సందర్శకుడు అక్కడి పోలీసుల పర్మిట్ ముందే తెప్పించుకోవాలి. అమెరికాకు వెళ్లే విదేశీయుడు తాత్కాలిక దిగుమతి అనుమతి పొందాలి. గమ్యస్థానం కాగితాలు అందరూ చూసుకుంటారు, మధ్యలో విమానం మారే దేశం కాగితాలే చాలామంది మరిచిపోతారు. విమానాశ్రయం దాటి అడుగు బయటపెట్టకపోయినా ఆయుధం తమ నేల మీదుగా వెళ్లడానికి అనుమతి కావాలనే దేశాలు ఉన్నాయి. ప్రయాణించేవారికి నా సలహా ఒక్కటే: టికెట్ చౌకగా దొరికిందని మధ్యలో ఆగే చోటును ఎంచుకోవద్దు, తుపాకీని ఒప్పుకునే చోటును ఎంచుకోండి.

మరచిపోయి చేతి సంచిలో తుపాకీతో వచ్చేవారి గురించి ఒక్క మాట. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీ కేంద్రాల్లో దొరికిన తుపాకులు 6,737. అందులో సుమారు 93 శాతం తూటాలు నింపినవే. వారిలో చాలామంది చెప్పే సమాధానం, సంచిలో ఉన్న సంగతి గుర్తులేదని. తూటాలు నింపిన తుపాకీ ఎక్కడుందో గుర్తుండని మనిషి దగ్గర తుపాకీ ఉండాలా అన్నది వేరే చర్చ. పత్రికల్లో ఇలాంటివారూ, అన్ని షరతులూ పాటించి చెక్-ఇన్ చేసినవారూ ఒకే శీర్షిక కింద కలిసిపోవడం మాత్రం సరికాదు. మొదటి రకానికి జరిమానా, కేసు తగినవే. రెండో రకంవారి విషయంలో మాట్లాడవలసింది వ్యవస్థ గురించి.

ఆ వ్యవస్థలో నేను కోరే మార్పులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కౌంటరులో తెలియజేసిన ప్రతి తుపాకీ, దిగిన చోట బెల్ట్ మీదికి రాకుండా, ఒక గదిలో లైసెన్సు, లగేజీ రసీదు, గుర్తింపు పత్రం సరిచూశాకే చేతికి అందాలి. పెద్ద పరిమాణపు సామాను ఇచ్చే గది చాలా విమానాశ్రయాల్లో ఇప్పటికే ఉంది. తూటాలను వేరే పెట్టెలో పంపే పద్ధతి అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. విమానం తప్పిపోయినా, దారి మళ్లినా, పెట్టె వెనక పడి మర్నాటి విమానంలో వచ్చినా, దాన్ని సంస్థే భద్రపరచాలి. మామూలు సంచుల్లాగా కిరాయి మనిషితో ఇంటికి పంపకూడదు, యజమానే వచ్చి తీసుకోవాలి. బయలుదేరే చోట తుపాకీని అంగీకరించినట్టు సంతకం పెట్టిన సంస్థ, దిగే చోట అప్పగించినట్టు యజమాని సంతకం తీసుకునే వరకు దానికి జవాబుదారీగా ఉండాలి. పదిహేడో అనుబంధంలో ఇందుకోసం ఒక వాక్యం చేర్చవచ్చు. అంతవరకు ఆగనవసరం లేకుండా, ఏ దేశపు విమానయాన భద్రతా విభాగమైనా తన పరిధిలోని విమానాశ్రయాలకు ఒక ఉత్తర్వుతో ఈ పని చేయించగలదు.

భవదీయుడు,
ఒక షూటింగ్ జట్టు నిర్వాహకుడు